నీళ్ల టేసను గోడ మీద ఇరవయ్యో చుక్క

ట్యాంకరు వచ్చే పొద్దు తిరుపాలమ్మ నాలుగు ఇత్తడి బిందెలు తోమేది. రెండు తనవి, రెండు మొగుడు ఎర్రప్పవి. చింతపండు పిప్పి, బూడిద కలిపి రుద్ది, వాకిట్లో బండ మీద వరసగా బోర్లించేది. అవి ఆరేలోపు ఎర్రప్ప పట్టాల వెంట నడిచి వెనక్కి వచ్చేవాడు. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆ నడక మానలేదు. అవుటర్ సిగ్నల్ దాకా పోయి, అక్కడి రాతి మీద కూర్చుని ఒక బీడీ కాల్చి, ఎవరో అప్పజెప్పిన పని ముగించుకున్నట్టు తిరిగొచ్చేవాడు. వచ్చాక రెండు బిందెలు ఆయన ఎత్తుకుంటే రెండు ఆమె ఎత్తుకునేది.

ఇప్పుడు రెండే తోముతోంది. తక్కిన రెండూ పొయ్యి పక్క మూలలో బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఎర్రప్ప పోయి ఇరవై ఆరు రోజులైంది. చేతికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు. రెండో బిందె కడిగి పక్కన పెట్టగానే మూడో దాని కోసం చాచుకుంటుంది. అక్కడ ఏమీ తగలక, కొంగుకు తుడుచుకుంటుంది.

"ఏం పెద్దమ్మా, మళ్లా రెండేనా?" అన్నాడు లక్ష్మన్న, ట్రాక్టరు దిగి ట్యాంకరు పైపు లాగుతూ.

"రెండు చాలు నాయనా."

"గోడ మీద మీ ఇంటికి రెండు చుక్కలుండాయి. చుక్కకు రెండు బిందెలు. గోడ యెట్ల చెప్తే అట్ల పోసేది నా పని. నువ్వు పట్టుకోకపోతే ఆ రెండు నేనేం చేసుకుందు?"

"ఎలిజబెత్‌కు పొయ్యి."

"పోస్తా. పోసినానని గోడకు నువ్వే చెప్పు మరి."

లక్ష్మన్న నవ్వించడానికే అన్నాడు. తిరుపాలమ్మ నవ్వలేదు. చంకలో ఒకటి, చేతిలో ఒకటి పట్టుకుని, గోడ వైపు చూడకుండా ఇంటిదారి పట్టింది.

ఆ గోడ సంగతి చెప్పాలంటే ముందు ఈ చోటు సంగతి చెప్పాలి.

రైల్వే వాళ్ల బోర్డు మీద దీని పేరు గుండ్లకొట్టాల రోడ్. గుండ్లకొట్టాల అనే ఊరు ఇక్కడికి నాలుగు మైళ్లు. ఆ ఊరికి పోయే వాళ్లు ఇక్కడ దిగాలని ఆ పేరు పెట్టారు గాని, ఇక్కడ ఉన్న వాళ్లకు ఆ పేరుతో పని లేదు. నోటితో అందరూ అనేది నీళ్ల టేసను. బొగ్గు ఇంజన్లు నడిచిన కాలంలో రాయదుర్గం వైపు పోయే ప్రతి బండీ ఇక్కడ ఆగి నీళ్లు తాగేది. పెద్ద బావి, బావి మీద పంపు, ఎత్తైన రాతి దిమ్మె, దిమ్మె మీద ఇనప తొట్టి, తొట్టి నుంచి ఏనుగు తొండంలా వేలాడే గొట్టం. ఇంజను వచ్చి ఆ తొండం కింద నిలబడి తాగుతుంటే చుట్టూ పిల్లలు చేరి కారే ధారల కింద తల పెట్టేవాళ్లు.

పట్టాలు వేసేటప్పుడు కంకర కొట్టడానికి గుమ్మఘట్ట వైపు నుంచి, కల్యాణదుర్గం వైపు నుంచి కూలీలు వచ్చారు. వచ్చిన వాళ్లలో సగం మంది పోలేదు. క్వార్టర్సు రాని వాళ్లు రైలు పట్టాల కింద పెట్టే పాత దూలాలు నిలబెట్టి, రేకులు కప్పి గుడిసెలు కట్టుకున్నారు. ఒకరింట్లో కన్నడం, ఒకరింట్లో తెలుగు, గొడవొస్తే రెండూ. అట్లా ఒక ఊరైంది. అయితే ఊరని ఎవరూ ఒప్పుకోలేదు. నేల రైల్వేది కాబట్టి పంచాయతీ రాసుకోలేదు. మనుషులు తమ వాళ్లు కాదు కాబట్టి రైల్వే రాసుకోలేదు. ఓట్లు ఒక ఊళ్లో, రేషను ఇంకో ఊళ్లో. ఉత్తరాలొచ్చిన కాలంలో ఉత్తరాలు టేసను మాస్టరు పేరు మీద.

బావి ఎండిపోయిన ఏడు రైల్వే వాళ్లు ప్యాసింజరు వెనక వారానికి రెండుసార్లు ఒక నీళ్ల వ్యాగను తగిలించి పంపారు. ఇంజన్లకు నీళ్లిచ్చిన చోటికి ఇంజనే నీళ్లు మోసుకొచ్చింది. తలకు రెండు బిందెలని టేసను మాస్టరు చెప్పాడు. చెప్పడం తేలికే, తలలు లెక్కపెట్టేదెవరు? కాగితం చదవగలిగిన వాళ్లు నలుగురో అయిదుగురో. వాళ్ల లెక్కను తక్కిన వాళ్లు నమ్మలేదు. అప్పుడు ఆడవాళ్లే ఒక దారి కనిపెట్టారు. తొట్టి కింద రాతి దిమ్మెకు ఎర్రమన్ను పూశారు. ఇంటికొక వరస, మనిషికొక సున్నం చుక్క. వరస మొదట్లో ఇంటి గుర్తు. మేస్త్రీ ఇంటికి సుత్తి, జెండా ఊపే ఆయన ఇంటికి లాంతరు, ఎలిజబెత్ అత్తగారింటికి సిలువ. ఎర్రప్ప ఇంటికి పానా. ఆయన తండ్రి కాలం నుంచీ వాళ్లది కీమ్యాన్ పని. రోజూ చేత పానా, సుత్తి పట్టుకుని తన పాలికొచ్చిన దూరం పట్టాల మీద నడిచి, వదులైన చోటల్లా బిగించి రావడం.

ఆ గోడ అందరికీ కనబడుతుంది. ఎవరింట్లో ఎందరో అందరికీ తెలుసు. ఒక చుక్క ఎక్కువ పెడితే పక్కింటావిడ ఊరుకోదు. బిడ్డ పుడితే పురిటిస్నానం నాడు చుక్క. పెండ్లయి పోయే ఆడపిల్ల బండెక్కే ముందు తన చుక్క తానే తుడుచుకోవాలి. ఎవరైనా పోతే, పదకొండో దినం కర్మ ముగించుకుని వచ్చి, ఆ ఇంటి ఆడమనిషి తడిగుడ్డతో తుడవాలి. ఏటా ఉగాదికి గోడకు మళ్లీ ఎర్రమన్ను పూసి చుక్కలు కొత్తగా పెడతారు. పోయినవాళ్ల సందులు అప్పుడు పూడిపోతాయి.

తిరుపాలమ్మ యాడికి దగ్గరి పల్లె నుంచి పదిహేడేళ్ల వయసులో ఇక్కడికి వచ్చింది. ప్యాసింజరు దిగగానే అత్త ఓబమ్మ ఆమెను ఇంటికి తీసుకుపోలేదు. తలంబ్రాలు ఇంకా జుట్టులో ఉండగానే గోడ దగ్గరికి నడిపించి, సున్నం డబ్బా చేతికిచ్చింది.

"పెట్టమ్మీ."

"ఏంటికత్తా?"

"చుక్క పడినాకనే నీకు నీళ్లు. నీళ్లొచ్చినాకనే కాపురం. తక్కిన దండాలన్నీ దాని తరవాత."

తిరుపాలమ్మ బొటనవేలు సున్నంలో ముంచి ఎర్రప్ప చుక్క పక్కన అద్దింది. వేలు జారి కొంచెం సాగింది. "తోక చుక్క పెట్టింది మా కోడలు" అని ఓబమ్మ నలుగురికీ చెప్పి నవ్వించింది. ఆ పొద్దు గోడ మీద రెండువందల పన్నెండు చుక్కలున్నాయి. నీళ్ల టేసను ఎన్నడూ అంతకు మించి పెరగలేదు.

మూడో ఏడు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఇంకా పేరు ఖాయం కాలేదు, చిట్టి అని పిలుచుకునేవాళ్లు. ఎనిమిదో నెలలో, ఎండలు ముదిరినప్పుడు, వాంతులు పట్టుకున్నాయి. పొద్దున ప్యాసింజరుకు గుంతకల్లు తీసుకుపోదామనుకున్నారు. పొద్దు పొడవక ముందే పోయింది.

పసిబిడ్డకు పదకొండు దినాల కర్మ లేదు. ఆ మధ్యాన్నమే ఎర్రప్ప ఒక గుడ్డ తడుపుకుని బయటికి పోయాడు. ఆడమనిషి చెయ్యాల్సిన పని. ఆమె లేచే స్థితిలో లేదు. వెనక్కి వచ్చిన ఆయన వేళ్లకు సున్నం చూసి ఆమెకు అర్థమైంది.

"ఈ పొద్దే తుడ్చాల్నా?" అంది.

"రేపు నీళ్ల పెట్టె వస్తాది."

"వస్తే రానీ."

"చుక్కుంటే రెండు బిందెలు పోస్తారు, తిరుపాలూ. ఆ నీళ్లు మనం తాగగలమా?"

ఆమె అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి ముందుకు తోసేది. ఆయన తిని పానా భుజాన వేసుకుని పట్టాల మీదికి పోయేవాడు. ఓబమ్మ ఒక పొద్దు ఇద్దరినీ చూసి, "రైలు పట్టాల మాదిరి ఉండారు, పక్కపక్కనే పోతాండారు, యాడా కలవరు" అంది. రోజులు గడిచాక మాట కలిసింది. సుజాత పుట్టింది. కాని ఆ తడిగుడ్డను తిరుపాలమ్మ మరిచిపోలేదు. ఇంత మంచి మనిషికి ఆ ఒక్క మధ్యాన్నం అంత రాతిగుండె ఎట్లా వచ్చిందో అని అప్పుడప్పుడూ అనుకునేది.

తర్వాత నీళ్ల టేసను తగ్గుముఖం పట్టింది. బొగ్గు ఇంజన్లు పోయాయి. బావీ ఎండి, ఆగి నీళ్లు తాగే బండీ లేక, పంపు పని, బొగ్గు పని రెండూ పోయాయి, ఆ కూలీల్లో చాలామంది వెళ్లిపోయారు. సన్నలైను తీసి పెద్దలైను వేశారు. యంత్రాలొచ్చాయి, గ్యాంగులను లారీల్లో తెచ్చి లారీల్లో తీసుకుపోయారు. టేసను మాస్టరు గదికి తాళం పడింది. ఇనప తొట్టిని పాత ఇనుము కింద కోసి పట్టుకుపోయారు, రాతి దిమ్మె మాత్రం మిగిలింది. ప్రతి ఉగాదికీ ఎర్రమన్ను ఎక్కువ, సున్నం తక్కువ. నూట ముప్ఫై. డెబ్భై. నలభై నాలుగు. కరోనా తర్వాత ప్యాసింజరు కూడా ఆగడం మానేసింది. ఆగని బండికి ఎవరైనా చెయ్యి ఊపితే, కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఎందుకు ఊపుతున్నారో తెలియక అట్లే చూసేవాళ్లు.

నీళ్ల వ్యాగను అంతకు చానా ముందే ఆగిపోయి, ఫ్లోరైడు నీళ్ల బోరే దిక్కైంది. మూడేళ్ల కింద ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో పోయి మండలాఫీసు మెట్ల మీద కూర్చుంటే, అప్పటి ఆఫీసరు పక్క పంచాయతీ నుంచి ట్యాంకరు పంపే ఏర్పాటు చేశాడు. ఇరవై మందికి తగ్గకుండా ఉంటే దినం విడిచి దినం. తగ్గితే నాలుగు దినాలకొకసారి. అప్పటికి గోడ మీద ఇరవై ఆరు చుక్కలు. ఈ ఉగాదికి సరిగ్గా ఇరవై.

ఉగాదికి తన ఇంటి వరస మొదటినుంచీ ఎర్రప్పే పెట్టేవాడు, పదిహేనేళ్లుగా గోడ పనంతా ఆయనదే. తక్కిన వాళ్లకు ఓపిక లేదు. ఆయన తెల్లారి లేచి, ఎర్రమన్ను నానేసి, మధ్యాన్నానికి పూసి, ఆరాక ఒక్కొక్క ఇంటి ముందుకు పోయి "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగేవాడు. ఆయనకు తెలియక కాదు. అడిగి పెట్టాలని. ఓబమ్మ పోయిన ఏడు ఆమె సందు పూడ్చి చుక్కలు దగ్గరికి జరిపాడు. సుజాత ధర్మవరం నేతగాళ్లింటికి కోడలై పోయినాక ఆమెదీ పూడ్చాడు. ఆ వరస ఎప్పుడూ ఒకే తీరున పెట్టేవాడు. పానా గుర్తు, ఆయన చుక్క, ఆమె చుక్క, ఆ తర్వాత ఒక బొటనవేలు పట్టేంత ఖాళీ, దాని తర్వాత సుజాత. సుజాత పోయాక పక్కింటి గుర్తు ఆ ఖాళీ దాకా జరిగి వచ్చి, అది ఖాళీ అని తెలియకుండా పోయింది. కొలత తప్పి వదిలాడేమో అని తిరుపాలమ్మ అనుకునేది.

ఆయన పోయిన పొద్దు నాలుగు బిందెలూ ఆరాయి. ఎండ వాకిట్లోకి వచ్చింది. ఆయన రాలేదు. ఆమె పట్టాల వెంట నడుచుకుంటూ పోయింది. సిగ్నల్ రాతికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో బీడీ ఉంది, వెలిగించలేదు.

పదకొండో దినం కర్మ అయింది. సుజాత, అల్లుడు సాయంత్రం బస్సుకు ధర్మవరం పోయారు. "నాతో రామ్మా, మగ్గం కింద గుంట పక్కనైనా నీకు చోటుండాది" అని సుజాత అడిగింది. వస్తాలే అంది గాని ఎప్పుడన్నది చెప్పలేదు. వాళ్లు పోయాక తిరుపాలమ్మ గుడ్డ తడుపుకుని గోడ దగ్గరికి వచ్చింది. అక్కడ దేవేంద్ర ఆటో కడుక్కుంటూ ఉన్నాడు. షేరు ఆటో నడుపుతాడు. అతని తాత పంపు మనిషి. భార్య అశ్వినికి ఆరో నెల.

"పెద్దమ్మా, ఒక మాట," అన్నాడు అడ్డం వచ్చి. "తుడ్చొద్దు."

"ఏంటికప్పా?"

"ఆ చుక్క పోతే పంతొమ్మిది. పంతొమ్మిదైతే ట్యాంకరు నాలుగు దినాలకొకసారి. మూడు నెలలు గమ్మునుండు. మా బిడ్డ చుక్క పడ్తాది. ఆ పొద్దు పెద్దాయనది తుడ్చుదువు. ఇరవై ఇరవైగానే ఉంటాది, ఎవురికీ తెలీదు."

"గోడ మీద అట్ల ఎన్నడూ లేదు నాయనా."

"గోడ మీద రెండువందలు కూడా ఉండె ఒకప్పుడు. ఇప్పుడుండాయా? కాలాన్ని బట్టి పోవాల పెద్దమ్మా. అశ్విని కడుపుతో యాడికి పోయి మోసుకొస్తాది? ఈడ బోరు నీళ్లు తాగితే నోట్లో పండ్లు పచ్చబడేది నీకు తెలీదా?"

తిరుపాలమ్మకు తెలుసు. గుడ్డ చేతిలోనే పట్టుకుని వెనక్కి వచ్చింది. అప్పటినుంచి లక్ష్మన్న ఆమె ఇంటికి నాలుగు బిందెల లెక్కే చూపిస్తున్నాడు. ఆమె రెండే పట్టుకుంటోంది. ఆ రెండు బిందెలు ఎవరికి పోసినా అవి ఎర్రప్ప పేరు మీద పడిన నీళ్లే. ఎర్రప్ప తాగని నీళ్లు. నలభై ఏళ్ల కింద ఆయన అడిగిన మాట ఇప్పుడు రోజూ పొయ్యి ముందు కూర్చుని ఆమెకు వినబడుతోంది. తాగగలమా?

రేపు గురువారం పంచాయతీ సెక్రటరీ వస్తుందని లక్ష్మన్న చెప్పాడు. ఎండాకాలం ట్యాంకర్ల లిస్టు మళ్లీ రాస్తున్నారట.

సాయంత్రం ఎలిజబెత్ వచ్చింది. ఉపాధి పనికి పోయి మట్టి మోసి వచ్చిన మనిషి, గడప మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. ఇద్దరిదీ ఒకే ఈడు. గోడ మీద ఒకే ఏడు చుక్కలు పెట్టిన కోడళ్లు.

"అక్కా, నిజం చెప్తా," అంది. "మా ఆయన చుక్క తుడ్చేటప్పుడు నాకు చెయ్యి వణకనేలేదు. బతికినన్నాళ్లూ ఇంట్లో ఉంటే కదా. ఆయన రెండు బిందెలు కూడా నేనే తాగినా."

తిరుపాలమ్మకు నవ్వు వచ్చి, సగంలో ఆగిపోయింది.

"నీదట్ల కాదులే," అంది ఎలిజబెత్. "నేను కూడా దేవేంద్ర మాటే చెప్దామని వచ్చినా. మూడు నెలలే కదా. దేవుడు కూడా లెక్క చూసేటప్పుడు రవ్వంత కళ్లు మూసుకుంటాడు."

"దేవుడు మూసుకుంటాడు. మా ఆయన మూసుకోలేదు గదే."

"ఏ లెక్కలో?"

"చిట్టిది."

ఎలిజబెత్ చాచిన కాళ్లు ముడుచుకుంది. ఆ ఎండాకాలం ఆమె కూడా ఇక్కడే ఉంది. "నువ్వు తుడ్చినా తుడవకున్నా నేను నీ పక్కనే ఉంటా. దేవేంద్ర తిడితే ఇద్దరం తిందాం," అని లేచి, నడుం పట్టుకుని ఇంటికి పోయింది.

సెక్రటరీ ఇంద్రాణి పొద్దున పది దాటాక స్కూటీ మీద వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. తలకు చున్నీ చుట్టుకుంది, కళ్ల కింద చెమట. ఇప్పటికే మూడు పల్లెలు తిరిగి వచ్చింది. దిమ్మె నీడలో స్కూటీ నిలిపి, బండి డిక్కీలోంచి కాగితాలు తీసింది. పంతొమ్మిది మందిలో పన్నెండు మంది దాకా వచ్చి నిలబడ్డారు. తక్కిన వాళ్లు పనుల్లో ఉన్నారు.

"ఇదేనా మీ గోడ? లక్ష్మన్న చెప్పినాడు," అంది. వేలితో ఒక్కొక్క వరసా చూపిస్తూ లెక్కపెట్టింది. "ఇరవై. సరిపోయింది. ఇంటింటికీ పోవాల్సిన పని తప్పింది నాకు. ఈ గోడ చూసుకునేది ఎవరు? వాళ్లు ఇక్కడ వేలిముద్రో సంతకమో పెట్టల్ల."

"మా పెద్దాయన చూసుకునే వాడు," అన్నాడు దేవేంద్ర. "ఇప్పుడు ఈ పెద్దమ్మే." అంటూనే తిరుపాలమ్మ వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. అడుక్కోవడం ఉంది. అతని వెనక అశ్విని ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది.

ఇంద్రాణి కాగితం, ఇంకు డబ్బా ముందుకు పెట్టింది.

"ఇరవై మంది ఉండారని ఇక్కడ పెట్టమ్మా."

తిరుపాలమ్మ బొటనవేలు ఇంకులో అద్దింది. సున్నం చల్లగా ఉండేది, ఇది జిగటగా ఉంది. వేలు కాగితం మీదికి తెచ్చి, ఆపింది.

"పంతొమ్మిది మందిమే మేడం," అంది. "ఆ పానా గుర్తు పక్కన మొదటి చుక్క మా ఆయనది. ఆయన లేడు. నెల కావస్తాంది."

ఇంద్రాణి కలం మూత తీసి, మళ్లీ పెట్టి, ఆమె మొహం చూసింది.

"తెలిసి చెప్తాండావా అమ్మా? పంతొమ్మిదైతే..."

"తెలుసు మేడం."

"నేను ఇరవై అనే రాసుకున్నా. నువ్వు గమ్మునుంటే నేను పోయేదాన్ని."

"ఆయన పేరు మీద నీళ్లు పడితే ఆ పాపం ఆయనకు అంటుకుంటాది మేడం. ఎన్నడూ ఒక్క చుక్క కూడా ఎక్కువ పెట్టలేదు ఆయన. బిడ్డది కూడా ఆ పొద్దే తుడ్చినాడు."

ఇంద్రాణికి బిడ్డ ఎవరో తెలియదు. అడగలేదు. ఇరవై కొట్టేసి పంతొమ్మిది రాసి, దాని మీద తన సంతకం కూడా పెట్టింది. అశ్వినిని చూసి, "నీకెన్నో నెల?" అని అడిగింది. ఏడు వస్తోందని అశ్విని చెప్పింది. "పుట్టినంక కాగితంతో వచ్చి ఆఫీసులో నన్ను కలవండి. మళ్లీ దినం విడిచి దినం చేయిస్తా. అంతవరకు నాలుగు దినాలకే." కాగితాలు సర్దుకుంటూ ఇంకో మాట చెప్పింది. "ఇకమీదట గోడ చూసేది లేదు. అన్నీ ఫోన్లోనే, ఆధార్ నంబరు పెట్టి. పేర్లు రాసిచ్చి పోతా, లక్ష్మన్నకు కూడా అదే లిస్టు."

స్కూటీ పోయాక దేవేంద్ర గొంతు లేచింది.

"బాగుండాది పెద్దమ్మా. మీ ఆయన సత్యం నువ్వు నిలబెట్టినావు. మేము దాన్నే కడుపునిండా తాగి బతుకుతాం."

"రేయ్, నోరు," అంది ఎలిజబెత్.

"నోరే ఎండిపోతాండాది చిన్నమ్మా, అదే చెప్తాండా."

అతను ఆటో ఎక్కి పోయాడు. తక్కిన వాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. ఎవరూ తిరుపాలమ్మను ఏమీ అనలేదు. అనకపోవడమే బరువుగా ఉంది. నోరు తెరిచిన వాడితో సర్దుకోవచ్చు.

ఆ మధ్యాన్నం ఆమె అన్నం వండలేదు. పొయ్యి పక్క మూలలో బోర్లించిన రెండు బిందెలను వెలికి తీసింది. ఒక దాని లోపల సాలీడు గూడు పెట్టింది. చింతపండు, బూడిద తెచ్చి, ఉన్న నీళ్లలో ఒక చెంబు తీసుకుని, చానాసేపు తోమింది. నలభై ఏళ్ల సొట్టలు, ఎక్కడ సొట్ట ఉందో చెయ్యి చూడకుండానే గుర్తుపట్టింది. ఆరాక రెండూ పట్టుకుని దేవేంద్ర ఇంటికి పోయింది.

అశ్విని తలుపు దగ్గర బియ్యం ఏరుతోంది.

"నాలుగు దినాలకు నిలువ చేసుకోవల్ల గదా," అంది తిరుపాలమ్మ. "పెట్టుకో. మీ ప్లాస్టిక్కు వాటికన్నా వీటిల్లో నీళ్లు చల్లగుంటాయి."

అశ్విని బిందెల వైపు, ఆమె వైపు చూసింది. "ఆయన చూస్తే మళ్లా అరుస్తాడు పెద్దమ్మా."

"అరవనీ. బిందెలకు చెవులుండవు."

"నాకు నీ మీద కోపం లేదు అనను," అంది అశ్విని. "ఉండాది. అయినా పెట్టి పో."

"ఉండనీ అమ్మీ. నా రెండింటిలో కూడా ఒకటి ట్యాంకరు వచ్చిన పొద్దు నీకే పోస్తా. ఒక్కదానికి నాకెంత కావల్ల."

గడప లోపల బిందెలు పెట్టి వచ్చేసింది. పొద్దు దిగుతోంది. గూడ్సు ఒకటి ఆగకుండా పోయింది, దాని గాలికి దిమ్మె చుట్టూ దుమ్ము లేచి ఎర్రమన్ను మీద కూర్చుంది. ఇంటికి పోయి గుడ్డ తడుపుకుని తిరిగి గోడ దగ్గరికి వచ్చింది. పదకొండో దినం పట్టుకున్న గుడ్డే.

ఎలిజబెత్ తన వాకిట్లోంచి చూసి అక్కడికి నడిచి వచ్చింది.

"ఇంక తుడ్చొచ్చులే అక్కా. లెక్క పేపర్లోకి పోయింది. ఎవురూ అడ్డం రారు."

"పోయింది," అంది తిరుపాలమ్మ.

పానా గుర్తు ముందు నిలబడింది. మొదటి చుక్క ఆయనది, నిండుగా, గుండ్రంగా. రెండోది తనది. ఇన్ని ఉగాదులు ఆయన పెట్టినా దానికి చిన్న తోక వేయడం మాత్రం మానలేదు. దాని పక్కన, పక్కింటి గుర్తుకు ముందు, ఖాళీ. ఆమె బొటనవేలు ఆ ఖాళీ మీద పెట్టి చూసింది. ఇంకు మరక ఇంకా వేలికి ఉంది. వేలు సరిగ్గా పట్టింది. అక్కడ ఒక చుక్క పడుతుంది, దానికి మించి పట్టదు.

ఓబమ్మ సందు పూడ్చాడు. సుజాత సందు పూడ్చాడు. చిట్టిది మాత్రం ఏటా కొలిచి వదిలాడు. నలభై ఉగాదులు. ఆమె గోడ ముందే నిలబడి సున్నం డబ్బా పట్టుకున్నా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆమె కూడా ఒక్కసారి అడగలేదు.

"ఏమైందక్కా?"

"ఏం లేదే. కొలత తప్పినాడనుకుంటి."

ఎలిజబెత్‌కు అర్థం కాలేదు, అయినా పక్కనే నిలబడింది.

బిడ్డ చుక్క ఉంటే నీళ్లు వస్తాయని కదా ఆయన ఆ మధ్యాన్నం గుడ్డ తడిపింది. ఇప్పుడు ఈ గోడకు ఒక్క చెంబు నీళ్లు కూడా రావు. లిస్టు ఫోన్లోకి పోయింది. ఇక ఇక్కడ ఉన్నదల్లా ఎర్రమన్ను, సున్నం. ఎవరి నోటి దగ్గరిదీ తీసుకోనిది.

ఆమె గుడ్డను వెనక్కి తెచ్చి ఎలిజబెత్ వాకిట్లోని కరివేపాకు మొదట్లో పిండింది. నీళ్లు వృథా కాకూడదు. పిండిన గుడ్డ భుజం మీద వేసుకుంది. గోడ వైపు మళ్లీ పోలేదు.

"తుడవ్వా?" అంది ఎలిజబెత్.

"తుడవను."